పుట్టలో పెట్టిన వేలు

తెలుగునాట పుట్టి పెరిగిన వారు, ఇంటిలో ఏ భాష మాట్లాడువారైనను, ఏడు చేపల కథ వినకుండ పెరిగి యుండరు. రాజుగారి కొడుకులు వేటకు పోయి తెచ్చిన చేపలలో ఒకటి ఎండలేదు. ఎందులకు ఎండలేదని విచారణ ఆరంభమైనది. చేప గడ్డిమేటుపై నేరము మోపినది, గడ్డిమేటు ఆవుపై మోపినది, ఆవు పాలేరుపై, పాలేరు అవ్వపై, అవ్వ ఏడ్చు పిల్లవానిపై, పిల్లవాడు చీమపై మోపిరి. చీమ మాత్రము తాను కుట్టితినని ఒప్పుకొని, తన పుట్టలో వేలు పెట్టినందులకు కుట్టితినని కారణము చెప్పినది. అంతటితో విచారణ ముగిసినది. చీమకు శిక్ష వేసినట్లు ఏ అవ్వయు ఏ మనుమనికిని చెప్పలేదు. కీటకముల ఆత్మరక్షణను గూర్చి శాస్త్రజ్ఞులు వ్రాసిన గ్రంథములు కొన్ని చదివిన పిదప కూడ, ఆ చీమ ఇచ్చిన వాఙ్మూలముకంటె సరియైన మాట మాకు కనబడలేదు. కుట్టు కీటకములలో గుంపుగ జీవించునవి దాదాపు అన్నియు గూటికొరకే కుట్టును. గూటికి దూరముగ పువ్వుమీద వాలిన తేనెటీగ మనలను చూచి తొలగిపోవునే గాని మీదికి రాదు.

తెలుగు బోధించు వారము గనుక ముందుగ మాటను గూర్చి రెండు మాటలు. మనము బట్టను కుట్టుదుము, విస్తరి కుట్టుదుము, ఆడపిల్లలకు చెవులు కుట్టింతుము. తేలు కుట్టును, దోమ కుట్టును, కందిరీగ కుట్టును, చీమయు కుట్టును. సూదివంటి దానితో పొడుచుట యను భావము వీనిలో సమానము. కుక్కయు పామును మాత్రము కరచును. ఉర్దూ మాట్లాడువారు చీమ విషయములో 'కాట్‌నా' అందురు. తేలునకు, కందిరీగకు 'డంక్ మార్‌నా' అను వేరు మాట వారికి కలదు. అనగా తెలుగు చీమను పొడుచువానిలో చేర్చినది, ఉర్దూ కరచువానిలో చేర్చినది. ఏది సరి యని మా తరగతిలో ఒక విద్యార్థిని అడిగినది. రెండును సరియే, ఏలయన చీమలలోనే రెండు తెగలు కలవు.

మన పెరళ్లలో తిరుగు చిన్న ఎర్రచీమలలో నిప్పుచీమలని చెప్పదగినవి కొన్ని యున్నవి. అవి ముందు దవడలతో చర్మమును పట్టుకొని, పిదప పొట్టను వంచి కొండితో పొడుచును. పట్టు విడువకయే చుట్టు తిరుగుచు మరల మరల పొడుచుటయు కలదు. నిప్పు తగిలినట్లు మండుట ఆ విషము వలననే. ఇక మామిడితోటలలో పచ్చి ఆకులను చేర్చి గూడు కట్టు ఎర్రచీమకును, గోడల వెంట పోవు పెద్ద నల్ల గండుచీమకును కొండి లేనే లేదు. అవి కరచి, ఆ గాటుమీద పొట్ట చివరనుండి ఆమ్లమును చిమ్మును. 17వ శతాబ్దిలో జాన్ రే అను ఆంగ్లేయుడు చీమలనుండి ఈ ఆమ్లమును బట్టీపట్టి చూచెను. లాటిను భాషలో చీమను 'ఫార్మికా' అందురు గనుక దానికి ఫార్మిక్ ఆమ్లమను పేరు వచ్చినది.

మామిడిచెట్టు చీమను గూర్చి చెప్పక ముందుకు పోజాలము. పనిచీమలు వరుసగ ఒకదాని నడుము నొకటి పట్టుకొని గొలుసువలె ఏర్పడి రెండాకుల అంచులను దగ్గరకు లాగును. మరికొన్ని తమ గూటిలోని పురుగు పిల్లలను దవడలతో ఎత్తి తెచ్చి, నేతగాని చేతిలోని నాడెవలె ఈ అంచునకును ఆ అంచునకును త్రిప్పును. పిల్ల నోటినుండి వచ్చు పట్టుదారము ఆకులను అతికించును. ఆకులను ఇంత చక్కగ కుట్టు చీమకు మనలను కుట్టుటకు సూది లేదు! అయినను చెట్టెక్కిన బాలుడు చీమ కుట్టినదనియే ఏడ్చును. చీనాదేశమున నారింజ జాతి తోటలలో పురుగులను చంపుటకు ఈ చీమల గూళ్లను అమ్మెడివారని క్రీ.శ. 304 నాటి గ్రంథములో వ్రాయబడినది. ఒడిశాలోని సిమిలిపాల్ ప్రాంతమున ఈ చీమలతో నూరు పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. కరచుదానిని తినుట కూడ ఒక విధమైన సమాధానమే.

మన ఊళ్లలో ఏది కుట్టినను సున్నము రాయుదురు. కుట్టిన విషమంతయు ఆమ్లమే యని, సున్నము దానిని విరుచునని గైడు పుస్తకములలో చదివిన వారును ఇదియే చేయుదురు. ఇది సరికాదు. తేనెటీగ విషమును ఆరబెట్టి తూచినచో అందులో సుమారు సగము మెలిటిన్ అను మాంసకృత్తువంటి పదార్థము. నిప్పుచీమ విషములో అధికభాగము ఆల్కలాయిడ్లు. పైగా విషము చర్మము లోపలికి పోయినది, సున్నము పైననే నిలిచి చర్మమును కాల్చుచున్నది. సైన్సు విద్యార్థులకు పరీక్షలో మార్కులు తెచ్చు ఈ పొరపాటు గాయపడినవానికి రెండవ గాయమును తెచ్చుచున్నది.

కొండి యెక్కడినుండి వచ్చినదో తెలిసినవారు తక్కువ. అది మొదట ఆయుధము కాదు. ఆడకీటకము గ్రుడ్లు పెట్టుటకు ఉన్న గొట్టమే కాలక్రమమున సూదిగ మారినది. కావుననే తేనెటీగలలోను, కందిరీగలలోను, చీమలలోను ఆడవియే కుట్టును. మగ ఈగ ఎంత బెదిరించినను దానివద్ద ఏమియు లేదు. ఆడదానికి మొదట సూది దక్కినది వేటకొరకు. మన గోడమూలలలో మట్టితో గదులు కట్టు కుమ్మరిపురుగును చూడుడు. అది గొంగళినో సాలెపురుగునో పొడిచి, చంపక, కదలలేకుండ చేసి, గదిలో పెట్టి, దానితోపాటు గ్రుడ్డుంచి, మూత వేసి పోవును. పిల్ల పుట్టి ఆ సజీవాహారమును తిని, పెరిగి, రెక్కలతో బయటికి వచ్చును. మన వేదాంతులు బయటినుండి చూచి, లోపల పెట్టిన పురుగు తుమ్మెదనే ధ్యానించి ధ్యానించి తుమ్మెదయైనదని భ్రమరకీటక న్యాయము చెప్పిరి. భావము సుందరమే. లోపల జరిగినది మాత్రము వేరు. వేటకొరకు పుట్టిన సూది, గూళ్లు పెద్దవై, అందులో పిల్లలును తేనెయు కూడిన పిదప, దొంగలనుండి కాపుకొరకు వాడుకలోనికి వచ్చినది. ఎలుగుబంటియు మనుష్యుడును ఆ దొంగలలో ముఖ్యులు.

తేనెటీగ కొండికి వెనుకకు వంగిన ముండ్లు కలవు. మన చర్మమున దిగినచో తిరిగి రాదు. ఈగ ఎగిరిపోవునప్పుడు కొండియు విషపు తిత్తియు దాని పొట్టనుండి తెగి మన శరీరముననే నిలుచును, ఈగ చచ్చును. తెగిన తిత్తి తనంతట తాను కొట్టుకొనుచు మరికొంతసేపు విషమును లోనికి నెట్టుచుండును. కావున కొండిని గోటితో గీకవలెనా, పట్టుకొని లాగవలెనా అని ఆలోచించుచు నిలువరాదు. ఏ విధముగనైనను వెంటనే తీయుటయే ముఖ్యమని 1996లో ప్రచురింపబడిన పరిశోధన తేల్చినది. తెగిన కొండినుండి పండిన అరటిపండు వాసనవంటి ఒక వాసన వెలువడును. అది తక్కిన ఈగలకు పిలుపు, ఇచ్చటనే కుట్టుడని గురుతు. ఒక్కటి కుట్టిన పిదప పది కుట్టుటకు కారణమిదియే. చేతులు విసరుచు అక్కడనే గంతులు వేయువాడు ఆ పిలుపునకు బలమిచ్చుచున్నాడు. ముఖము కప్పుకొని దూరముగ పరుగెత్తి, గదిలో దూరి తలుపు వేసికొనుట మేలు. కందిరీగ కొండి ఇట్లు తెగదు. అది కుట్టియు బ్రతుకును, మరల కుట్టగలదు.

ఇంతవరకు సూదిని గూర్చి చెప్పితిమి. సూది చివరి మాట. దానికి ముందు ఈ జీవులు మనతో ఎన్ని మాటలు చెప్పునో గమనించుట అవసరము. కందిరీగ ఒంటిమీది పసుపు నలుపు పట్టెలు ఒక ప్రకటన. ఆ ప్రకటన ఎంత నమ్మకమైనదనగా, కొండి లేని కొన్ని ఈగలు కూడ అవే పట్టెలు ధరించి బ్రతుకుచున్నవి. పెద్ద కొండతేనెటీగలు తమ పట్టుమీద వెలుపల పొరలు పొరలుగ కూర్చుండి, కణుదురు దగ్గరకు వచ్చినప్పుడు ఒకదాని వెనుక ఒకటి పొట్టలు పైకెత్తును. చూచువారికి పట్టంతయు అల వలె కదలినట్లుండును. ఈ అలను చూచి కణుదురులు వెనుదిరుగునని గెరాల్డ్ కాస్ట్‌బెర్గర్ బృందము 2008లో ప్రకటించినది. జపాను తేనెటీగలు గూటిలోనికి వచ్చిన పెద్ద కణుదురును వందలుగ చుట్టుముట్టి, ఒంటివేడితో సుమారు 46 డిగ్రీలకు తెచ్చి, కుట్టకయే చంపును.  అమెరికాలో జస్టిన్ ష్మిట్ అను శాస్త్రజ్ఞుడు తాను కుట్టించుకొన్న కీటకముల బాధకు ఒకటినుండి నాలుగువరకు అంకెలు వేసెను. తేనెటీగకు ఆయన ఇచ్చినది రెండు. ఆయన 2023లో మరణించెను. బాధ వేరు, హాని వేరు అని ఆయన నొక్కి చెప్పెను. మిక్కిలి బాధపెట్టు విషము శరీరమునకు తక్కువ హాని చేయునది కావచ్చును. మనము బాధకు వెరచి పారిపోవుట చాలును, కీటకమునకు కావలసినది అంతే.

పవిత్ర ఖుర్ఆనులో 16వ అధ్యాయమునకు తేనెటీగ పేరును, 27వ అధ్యాయమునకు చీమ పేరును ఉన్నవి. సులైమాను ప్రవక్త సేనలు లోయకు వచ్చినప్పుడు చీమ తన వారిని గూళ్లలోనికి పొమ్మని హెచ్చరించుటయు, సేనలు తెలియకయే తొక్కుదురేమో యని శంకించుటయు, ఆ మాట విని ప్రవక్త చిరునవ్వు నవ్వుటయు మన విద్యార్థులలో అనేకులకు కంఠస్థము. మేము ఆ ఘట్టములో ఎల్లప్పుడు రెండు సంగతులను చూచుచుందుము. చీమ మొదట తలచినది కుట్టుట కాదు, ఇంటిలోనికి పోవుట. రెండవది, ఎదుటివానికి దుర్బుద్ధిని అంటగట్టలేదు. 9వ శతాబ్దిలో బస్రా నగరమునకు చెందిన అల్ జాహిజ్ 'కితాబుల్ హయవాన్'లో చీమలను గూర్చి దీర్ఘముగ వ్రాసెను. ఉర్దూ విభాగము విద్యార్థులెవరైనను వచ్చు సంచికకు దానిపై ఒక వ్యాసము వ్రాసినచో సంతసింతుము.

ఇక మేము ఏకీభవింపని ఒక సంగతి. సభలలో వక్తలు తేనెటీగను చూపి, గూటికొరకు ప్రాణమిచ్చు ఆ చిన్నజీవిని చూచి నేర్చుకొనుడని యువకులకు చెప్పుట మేము అనేక పర్యాయములు వింటిమి. చప్పట్లు కూడ వింటిమి. ఈ ఉపమానము తప్పు. పనియీగ గ్రుడ్లు పెట్టి సంతానము పెంచునది కాదు. రాణి యొక్క సంతానమే దానికి తోబుట్టువులు. మగ ఈగ ఫలదీకరణము లేని గ్రుడ్డునుండి పుట్టును గనుక, ఒకే తండ్రి బిడ్డలైన అక్కచెల్లెండ్ర మధ్య పోలిక నాలుగింట మూడు వంతులు. తాను చచ్చి అక్కచెల్లెండ్రను బ్రతికించినచో దాని వంశము నిలుచును. ఈ లెక్కను విలియమ్ హామిల్టన్ 1964లో వివరించెను. భారత పౌరుడై భువనేశ్వరములో స్థిరపడిన జె.బి.యస్. హాల్డేన్ ఇటువంటి ఆలోచనను ముందే సూచించెను. ఆయన మరణించినది కూడ ఆ సంవత్సరముననే. రాణి పెక్కు మగ ఈగలతో కూడును గనుక లెక్క అంత సులభము కాదని తరువాతివారు చూపిరి. అయినను పనియీగ మరణము వలన గూటికి కలుగు నష్టము స్వల్పమను మాట నిలిచియున్నది. బోర్నియో అడవులలో శత్రువును పట్టుకొని తన పొట్టను తానే పగులగొట్టుకొని జిగురువిషము చిమ్ము చీమ కలదు. 2018లో వర్ణింపబడిన ఒక జాతికి ఆ గుణమునుబట్టియే పేరు పెట్టిరి. మరి మన దేశపు కందిరీగను చూడుడు. రోపాలిడియా మార్జినాటా అను జాతిని బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గదగ్కర్ దశాబ్దముల తరబడి పరిశీలించెను. అందులో పనిచేయు ఆడది రేపు రాణి కావచ్చును. తల్లికి ఒక్కడే కొడుకైన యువకునికి తేనెటీగను ఆదర్శముగ చూపు వక్త, అతడు మరల పుట్టడని మరచుచున్నాడు. మనుష్యులలో పనియీగలు లేవు.

ఈ వ్యాసమునకు తక్షణ కారణము మన కళాశాల నీటితొట్టి క్రింద వ్రేలాడుచున్న కొండతేనెపట్టు. క్రిందటి యేడు ఎవరో రాయి విసరగా కొందరు విద్యార్థులను ఈగలు కుట్టెను, ఒకనికి ముఖము వాచి ఆసుపత్రికి తీసికొనిపోవలసి వచ్చినది. ఈ యేడు పట్టు మరల అక్కడనే వెలసినది. కిరసనాయిలు కాగడాతో రాత్రివేళ కాల్చివేయవలెనని కమిటీ సభ్యులు కొందరు సూచించుచున్నారు. వారి భయము న్యాయమైనదే. పిల్లలకు హామీగ ఉన్నవారు వారు. సూచన మాత్రము మాకు సమ్మతము కాదు.

మొదటిది, కాల్చుట వలన అపాయము తగ్గదు. కొండతేనెటీగలు రాత్రివేళ దీపములకు ఆకర్షింపబడును. చెదరిన ఈగలు ఎదుటి హాస్టలు కిటికీలలోని వెలుతురునకు వచ్చును. రెండవది, ఇవి వలసజీవులు. పూతకాలములో వచ్చి, పూత ముగిసిన పిదప తమంతట తామే పోవును; వచ్చు కాలమునకు అదే తావునకు తిరిగి వచ్చు అలవాటు వీనికి కలదు. కాల్చిన తావునకు మరియొక గుంపు రాదని పూచీ యెవరిత్తురు? మూడవది, ఒక ప్రవక్తను చీమ కుట్టగా ఆయన పుట్టను కాల్పించెననియు, ఒక్కటి కుట్టినందులకు దైవమును కొనియాడు ఒక సముదాయమునే కాల్చితివా యని అల్లాహ్ ఆయనను మందలించెననియు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథములలో కలదు. నిప్పుతో శిక్షించు అధికారము నిప్పునకు ప్రభువైనవానిదే యని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించినట్లును, చీమను తేనెటీగను చంపరాదని వారించినట్లును అబూ దావూద్ సంకలనములో కలదు. ఇది తెలిసిన కమిటీ ముందు మేము విస్తరించి చెప్పనక్కరలేదు. మన ఇరుగుపొరుగు ఇండ్లలో తల్లులు చీమలకు దక్కునని బియ్యపు పిండితో ముగ్గు పెట్టుదురు. ఆ వాకిళ్ల మధ్య మనము కాగడా ఎత్తుట చూచుటకు కూడ బాగుండదు.

చేయదగినవి ఇవి. పట్టు క్రింది దారిని త్రాడు కట్టి మూయవలెను, మేడమీది తలుపునకు తాళము వేయవలెను. ఆ వైపు సున్నము వేయు పని పట్టు పోవువరకు ఆపవలెను. వార్షికోత్సవపు బాణసంచాయు లౌడుస్పీకరును ఆటస్థలపు అవతలి మూలకు మార్చవలెను. సెల్‌ఫోనులో చిత్రము తీయుటకు దగ్గరకు పోవు సాహసులను తరగతి ఉపాధ్యాయులు మందలింపవలెను. రాయి విసరువానిని ప్రిన్సిపాలుగారు చూచుకొందురు. తీసివేయక తప్పదన్న పక్షమున, అనుభవము గల తేనె తీయువారిని పిలిపించుట మంచిది. నల్లమల చెంచులు త్రాళ్లతో కొండ అంచులకు దిగి ఈ పనిని తరతరములుగ చేయుచున్నారు. పొగ వేసినచో ఈగలు తేనెను త్రాగుటలో మునుగును, హెచ్చరిక వాసనయు మరుగున పడును. ఈగలు ఎరుపు రంగును చూడలేవు గనుక ఎర్రదీపముతో పని చేయవచ్చును.

విద్యార్థుల పట్టికలో ఒక గడి చేర్చుట అన్నిటికంటె ముఖ్యము. ఇదివరకు ఏ కీటకము కుట్టినను ఒళ్లంతయు దద్దురులు లేచినవారు, పెదవులు నాలుక వాచినవారు, ఊపిరాడక పోయినవారు ఎవరో ఆ గడిలో వ్రాయించవలెను. అట్టివారికి ఒక్క ఈగ చాలును, ఎడ్రినలిన్ సూదిమందు ఆలస్యము లేకుండ పడవలెను. తక్కినవారికి కొండి తీసి, సబ్బుతో కడిగి, చల్లని గుడ్డ వేసిన చాలును. అయితే పదుల కొలది కుట్టినచో వారినికూడ వైద్యునికి చూపవలెను. ఆ మందు మనకు దగ్గరలోని ఆసుపత్రిలో రాత్రివేళ కూడ దొరకునా యని అడిగి తెలిసికొనుటకు కమిటీనుండి ఒక సభ్యుడు ఈ వారములోనే వెళ్లవలెను. పట్టు ఖాళీయైన పిదప మైనపు తుట్టెను పారవేయక, జంతుశాస్త్ర విభాగమునకు ఇప్పించవలసినదిగ కోరుచున్నాము. అక్కడి గాజు బీరువాలో రెండు అరలు ఖాళీగనే యున్నవి.